వెనక చాప వచ్చిందాకా

పాట పూర్తయ్యాక దానమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చాలా బాగుందనిపించింది. గిటారు రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు మోగుతోంది. మరియదాసు గొంతు వయసు మరిచిపోయింది. డ్రమ్ములైతే కొత్త ఇంజను బిగించిన లారీలాగా ఎక్కడా తొణక్కుండా పరుగెడుతున్నాయి. ఆ పరుగే ఆమెకు అనుమానం పుట్టించింది.

"బాగుంది కదా ఆంటీ?" అని అడిగింది అక్షయ. పటమటలోని ఆ రికార్డింగు స్టూడియో ఆమెదే. చెన్నైలో సౌండ్ ఇంజనీరింగు చదివి, అక్కడే కొన్నేళ్ళు పనిచేసి, సొంత ఊరికి తిరిగొచ్చి పెట్టుకుంది.

"బాగుందమ్మా. కొట్టింది ఎవరు?"

అక్షయ నవ్వబోయి ఆగిపోయింది. "మీరే ఆంటీ. అంటే, మీరు కొట్టిందాన్నే సర్దాను. కొన్ని పాటల్లో మీ దెబ్బల్ని కొంచెం కొంచెం జరిపాను. నాలుగు పాటల్లో మాత్రం పూర్తిగా కంప్యూటర్‌తోనే వేశాను. ముందు మీకే వినిపిద్దామనుకున్నా. మరియదాసు అంకుల్‌కి చెప్తే ఆయన అరుపులకి పైకప్పు లేచిపోతుంది."

దానమ్మ హెడ్‌ఫోన్ల తీగను చుట్టి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. పనికి సంబంధించిన వస్తువును ఎప్పుడూ విసిరేయని మనిషి ఆమె.

కాలవగట్టు బ్యాండుకి తొమ్మిదేళ్ళ తరువాత వస్తున్న ఆల్బమ్ అది. పేరు 'గుర్రపుడెక్క'. బ్యాండు పుట్టిననాటి నుంచి దానికి మరో డ్రమ్మరు లేరు. ఇప్పుడు ఈ ఆల్బమ్ ఇలాగే బయటికి వెళితే అట్ట మీద దానమ్మ పేరు ఉంటుంది, లోపల దానమ్మ చేతులు ఉండవు. సోమవారానికి ఆమె సరేనంటే సరే, కాదంటే పాటలన్నీ మళ్ళీ రికార్డు చేయాలి. మళ్ళీ చేయగల భుజం తనకు ఉందా లేదా అన్నది ఆమెకే తెలియదు.

పంక్ రాక్ అంటే ఏమిటో విజయవాడలో చాలామందికి కాలవగట్టు వల్లే తెలిసింది. తెలిసినవాళ్ళలో సగం మందికి నచ్చలేదు. గిటారు మీద మూడు పట్టులు, మూడు నిమిషాలు దాటని పాట, అరుపుకీ రాగానికీ నడుమ తిరిగే గొంతు, మొహమాటం లేని మాట. దాని సరంజామా అంతే. తొంభైల నడుమ ఏలూరు కాలవ గట్టు మీది గుడిసెల్లో పెరిగిన మరియదాసు టేప్‌రికార్డర్లు బాగుచేస్తూ ఉండేవాడు. ఎవరో రిపేరుకిచ్చి తిరిగి రాని ఒక టేప్‌రికార్డరులో క్యాసెట్టు ఇరుక్కుని కనిపించింది. వింటే ఎవరో తెల్లవాళ్ళు ఇంగ్లీషులో అరుస్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు, కోపం మాత్రం అర్థమైంది. పక్క గుడిసెలో ఉండే దానమ్మను పిలిచి, "చూడు, వీళ్ళని కూడా ఎవడో గట్టు ఖాళీ చెయ్యమన్నట్టున్నాడు" అన్నాడు.

మూడో మనిషి రామకోటేశ్వరరావు. వన్ టౌన్‌లో తరాలుగా పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటివాడు. బేస్ గిటారు కొనుక్కుని, ఇంట్లో వాయించే వీలులేక కందిపప్పు గోడౌనులో వాయించుకునేవాడు. బస్తాల మధ్య శబ్దం అణిగి చక్కగా వినపడుతుందని కనిపెట్టింది అతనే. బ్యాండులో గట్టు మీద పెరగనివాడు అతనొక్కడే. ఆ మాట మరియదాసు ముప్పై ఏళ్ళుగా గుర్తుచేస్తూనే ఉన్నాడు, రామకోటేశ్వరరావు ముప్పై ఏళ్ళుగా నవ్వి ఊరుకుంటూనే ఉన్నాడు.

మొదటి క్యాసెట్టు ఆ గోడౌనులోనే తయారైంది. బస్తాలు దించి అలసిన హమాలీలు గోడకు ఆనుకుని వినేవాళ్ళు. విని ఊరుకోలేదు. కాలవ లాకులు తెరిచి నీళ్ళు వదలమనే 'లాకులెత్తు' పాటలో మరియదాసు "ఎవడి నీళ్ళు?" అని అరిస్తే వాళ్ళు "మావి!" అని తిరిగి అరిచారు. అది పాటలో లేని మాట. రికార్డింగులో పడిపోయింది, తీసేయడం చేతకాక ఉంచేశారు. ఆ అరుపుల్లో అందరికంటే పెద్ద గొంతు బసవయ్యది. అందరికంటే ఆలస్యమైనదీ అతనిదే. అందరూ అరిచాక ఒక క్షణం ఆగి అతనొక్కడూ "మావి!" అనేవాడు. ఆ ఆలస్యం ఎంత ప్రసిద్ధమైందంటే, తరువాత కాలేజీ కుర్రాళ్ళు కూడా కావాలని చివర ఒకణ్ణి ఆలస్యంగా అరిపించేవాళ్ళు.

కాలవగట్టు చేసినవన్నీ గొప్పవని చెప్పడం అబద్ధమవుతుంది. మూడో ఆల్బమ్ తొందరలో చేసింది, అలాగే వినపడుతుంది. నాలుగోదానిలో సగం పాటలు మొదటిదానిలోని పాటల వెనుకే తిరిగాయి. కానీ ఇంతకాలం ఈ ముగ్గురూ ఎవరికోసమూ మాట మార్చలేదు, పెళ్ళి ఊరేగింపులకు సినిమా పాటలు వాయించి బతకలేదు, ఒకరిని విడిచి ఒకరు పోలేదు. ఎవరి బతుకుతెరువు వారు చూసుకుంటూ పాటను పాటగానే నిలుపుకున్నారు. ఆ నిలకడలో ఎక్కువ భాగం వెనక కూర్చున్న మనిషిదని విన్నవాళ్ళందరూ ఒప్పుకుంటారు.

ఆ వెనక మనిషి ఉద్యోగం గన్నవరం దగ్గర ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతుంది. గర్భిణులకు ఆమె 'దానమ్మగారు', చిన్నపిల్లలకు 'సూదులమ్మ'. నెత్తి మీంచి విమానం దిగుతుంటే పిల్ల పైకి చూస్తుంది, ఆ క్షణంలో సూది దిగిపోతుంది. అది ఆమె పద్ధతి. ఒకసారి ఒక పసివాడు ఫోనులో కాలవగట్టు వీడియో చూసి తల్లిని పట్టుకుని ఏడ్చాడట: "సూదులమ్మ ఇప్పుడు కర్రలు కూడా తెచ్చుకుందే!"

బుడమేరు పొంగిన ఏడాది ఆమెను నగరంలో ముంపు కాలనీలకు పంపారు. నడుము లోతు నీళ్ళలో మందుల సంచి నెత్తిన పెట్టుకుని మేడలెక్కి దిగింది. నీళ్ళు తీశాక ఇళ్ళ గుమ్మాలకు, కిటికీ ఊచలకు గుర్రపుడెక్క వేలాడుతూ కనిపించింది. ఎన్నిసార్లు పీకి గట్టున పోసినా కాలవలో మళ్ళీ అల్లుకునే ఆ నీటి కలుపు గురించి రిహార్సల్‌లో చెప్పింది. "పీకితే పోద్దా అది? మనల్ని గట్టు మీంచి పీకితే మనం పోయామా?" అంది. మరియదాసు ఆ మాటను అలాగే అందుకున్నాడు. కొత్త ఆల్బమ్ అక్కడ పుట్టింది.

ఆ నీళ్ళ తరువాతే కుడి భుజం పట్టేయడం మొదలైంది. షుగరు ఉన్నవాళ్ళకు వస్తూ ఉంటుందని డాక్టరు చెప్పాడు, అది ఆమె పదిమందికి చెప్పిన మాటే. రాత్రిపూట భర్త ఎలీషా మందు రాస్తూ, "ఆ డప్పులు మానెయ్యవే, రెండు నొప్పులు పోతాయి. నీకు భుజం, నాకు చెవులు" అనేవాడు. అని, మర్నాడు రిహార్సల్‌కి తనే బండి మీద దింపేవాడు.

"ఇటు చూడండి ఆంటీ" అని అక్షయ తెర మీద చూపించింది. నిలువుగా సమదూరంలో గీతలున్నాయి. ఆ గీతలు పాట నడవవలసిన చోట్లు. వాటి మీద పడవలసిన దానమ్మ దెబ్బలు చాలావరకు పడుతూనే ఉన్నాయి. కానీ ప్రతి పాదం చివరా, తరువాతి పాదం ఎత్తుకునేముందు, దెబ్బ గీత దాటి కుడిపక్కకు జారింది. ఒకచోట కాదు, ప్రతిచోటా.

"చూశారా? వాక్యం చివరికొచ్చేసరికి మీరు లేట్ అయిపోతున్నారు. నొప్పి వల్లేమో అనుకున్నా. అందుకే సర్దాను. ఇప్పుడు అందరూ చేసేదే ఇది."

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు, మోసం చేయడం లేదు. రోగి చెప్పేదాని కంటే థర్మామీటరు చెప్పేది నమ్మే వృత్తిలో జీవితం గడిపిన దానమ్మ ఆ గీతలను కాదనలేకపోయింది.

"ఆదివారం దాకా ఆలోచించుకోనీ అమ్మా" అంది. నిజానికి ఆలోచన అక్కడే అయిపోయింది.

మర్నాడు సాయంత్రం గోడౌనులో మిగతా ఇద్దరికీ చెప్పింది. రామకోటేశ్వరరావు అప్పటికే, ఆమె ఫోనుకు పంపిన ఆ రికార్డింగు విన్నాడు. బస్తా మీద కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. తలుపు దగ్గర స్టూలు మీద బసవయ్య ఉన్నాడు. బరువులు మొయ్యలేని వయసు వచ్చాక రామకోటేశ్వరరావు అతన్ని అక్కడ కాపలాకు ఉంచుకున్నాడు.

"కంప్యూటర్ది ఉంచేద్దాం. నా పేరు మాత్రం తీసెయ్యండి" అంది దానమ్మ.

"తీసెయ్యడానికి నువ్వేమన్నా గోడకి కొట్టిన మేకువా?" అని లేచాడు మరియదాసు. "ఎవతో తెర మీద గీతలు గీసి చూపిస్తే, ముప్పై ఏళ్ళ మనిషివి లేచి పోతావా? కోటీ, నువ్వు మాట్లాడవేంట్రా?"

"విన్నానన్నయ్యా. నాకు బాగుందనే అనిపించింది. అబద్ధం ఎట్టా చెప్పేది?"

"నీకేవిట్రా, పుచ్చు లేకపోతే చాలు, అన్నీ బాగుంటాయి. పప్పయినా, పాటయినా!"

"అరవకు దాసన్నయ్యా" అంది దానమ్మ. "నా కళ్ళతో చూశాను. ప్రతి పాదం చివరా జారిపోతన్నాను. మా సెంటర్లో చెయ్యి వణికే సిస్టరమ్మ ఉంటే తన చేతికి సూది ఇస్తామా? ఎంత సీనియరయినా ఇవ్వం. ఇదీ అంతే."

"పాటకీ సూదికీ లంకె ఏంటే?"

"పాడయ్యేది పాటే కదా. మీ ఇద్దరూ ఇంతకాలం కష్టపడి చేసింది నా భుజం వల్ల పాడవ్వకూడదు."

"మరి పేరెందుకు తియ్యడం?" అన్నాడు రామకోటేశ్వరరావు మెల్లగా. "పేరుంటే ఏం పోతుంది?"

"నేను కొట్టనిదాని మీద నా పేరెందుకండీ కోటేశ్వర్రావుగారూ?" చనువున్నవాళ్ళను గారు అని పిలిచిందంటే, ఆమె మాట వెనక్కి తీసుకోదని వాళ్ళకు తెలుసు.

మరియదాసు గిటారు సంచిలో పెట్టి, జిప్పు వేయకుండానే భుజాన తగిలించుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర బసవయ్య, "ఇయ్యాల పాట లేదా అయ్యా?" అని అడిగేసరికి అతను సందు మలుపు తిరిగిపోయాడు.

ఆదివారం దానమ్మ తన పుట్టిన ఊరు వెళ్ళింది. హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఆటోలో కాలవ వెంబడి వెళితే వచ్చే చిన్న ఊరు. తండ్రి ఆరోన్ కూలిపని చేస్తూ అక్కడి చర్చిలో డోలక్ వాయించేవాడు. తరువాత విజయవాడ వచ్చి వన్ టౌన్‌లో తోపుడు బండి లాగాడు, గట్టు మీద గుడిసె వేశాడు. అతను పోయి చాలాకాలమైంది. ఊళ్ళో ఇంకా ఉన్నది మేనత్త మాణిక్యమ్మ ఒక్కతే. మనసు బాగాలేనప్పుడు దానమ్మ ఆమె పక్కన కూర్చుని ఆరాధన వింటుంది.

చర్చికి కొత్తగా నాపరాళ్ళు పరిచారు, ముందు వరుసల్లో కుర్చీలు వేశారు. ముసలివాళ్ళు మాత్రం కుర్చీలెక్కక, వెనక గోడ దగ్గర చాపల మీదే కూర్చున్నారు. దానమ్మ అత్త పక్కన చాప మీద కూర్చుంది. పాస్టరుగారి అమ్మాయి బ్లెస్సీ కీబోర్డు వాయిస్తోంది. మీట నొక్కితే తాళం దానంతటదే నడిచే కీబోర్డు అది. వేళ్ళు చక్కగా ఆడుతున్నాయి, గొంతు తియ్యగా ఉంది. పాట మొదలైంది.

మొదటి చరణంలో చాప మీది ఆడవాళ్ళందరూ పాడారు. పుస్తకం చదవలేనివాళ్ళు కాబట్టి, ముందున్నవాళ్ళు అన్న పాదాన్ని విని తాము అందుకోవాలి. అందుకునేలోపు తాళం తరువాతి పాదంలోకి వెళ్ళిపోయింది. రెండో చరణంలో సగంలో అందుకున్నారు, సగంలో వదిలేశారు. మూడో చరణం వచ్చేసరికి వెనక చాప మొత్తం మూగబోయింది. చేతులు చరుస్తున్నారు, పెదవులు కదలడం లేదు. ముందు కుర్చీల్లో పాట నిండుగా సాగుతూనే ఉంది.

ఆరాధన అయ్యాక బ్లెస్సీ వచ్చి, "వందనాలు ఆంటీ, ఎలా ఉంది?" అని అడిగింది. "చక్కగా పాడావమ్మా" అంది దానమ్మ. అది నిజమే.

ఆ పిల్ల అటు వెళ్ళాక మాణిక్యమ్మ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ గొణిగింది. "చక్కగానే ఉంటదే. రైలు చక్కగా ఉంటది. మేం ఎక్కేలోపు ఎల్లిపోద్ది, అదే గొడవ. మీ నాన్నయితే ఆపేవోడు."

"ఏం ఆపేవాడు అత్తా?"

"ఏవిటే, మర్చిపోయావా? డోలక్ ఆపేవోడు. మా మొకాల వంక చూసి, మేం అందుకున్నాక ఏసేవోడు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకునేవోడుగా."

దానమ్మ చాప మీద మళ్ళీ కూర్చుండిపోయింది. ఆ చెయ్యి గుర్తొచ్చింది. కాయలు కాసిన వేళ్ళు తన మణికట్టును గాలిలోనే పట్టి ఉంచేవి. దెబ్బ వెయ్యబోతే వెయ్యనిచ్చేవి కావు. "ఆగు. వెనక చాప వచ్చిందాకా ఆగు." అందుకున్నాక వేళ్ళు వదిలేవి, దెబ్బ పడేది. ఎన్ని ఆదివారాలు అలా గడిచాయో. తరువాత ఆ మాట మరపున పడిపోయింది, ఆగడం మాత్రం చేతిలో ఉండిపోయింది.

కానీ తనకు అనుకూలంగా ఉన్న మాటను వెంటనే నమ్మే మనిషి కాదామె. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని తనతోనే వాదించుకుంది. నొప్పిని ఒప్పుకోలేక తండ్రి పేరు చెప్పుకుంటున్నానేమో. ఆగడానికీ జారడానికీ తేడా తెర మీద ఒకేలా ఉంటే, ఏది ఏదో తేల్చేదెలా? గన్నవరం దాటేసరికి దారి తోచింది. రామకోటేశ్వరరావుకు ఫోను చేసి, "మన మొదటి క్యాసెట్టు ఉందా? రేపు స్టూడియోకి తీసుకురా. దాసన్నయ్యని కూడా" అంది.

సోమవారం ముగ్గురూ అక్షయ ముందు కూర్చున్నారు. మరియదాసు కుర్చీని అటు తిప్పి గోడతో మాట్లాడుతున్నట్టు కూర్చున్నాడు.

"అమ్మా, ఈ పాతదాన్ని కూడా నీ గీతల మీద పెట్టి చూపించగలవా?" అని అడిగింది దానమ్మ.

"చూపిస్తా ఆంటీ. కానీ ఎందుకు?"

"అప్పుడు నాకు భుజం నొప్పి లేదు."

అక్షయకు మరి చెప్పనవసరం లేకపోయింది. 'లాకులెత్తు' పాటను కంప్యూటరులోకి ఎక్కించి, దాని నడకకు సరిపోయేలా గీతలు పరిచింది. పాదం నడుస్తున్నంతసేపూ దెబ్బ గీత మీదే ఉంది. పాదం చివర కుడిపక్కకు తప్పుకుంది. మరో పాదం చివర, మళ్ళీ. స్పీకర్లలో మరియదాసు పడుచు గొంతు "ఎవడి నీళ్ళు?" అంది. దెబ్బ పడలేదు. హమాలీలు "మావి!" అన్నారు. అప్పుడూ దెబ్బ పడలేదు. బసవయ్య ఒక్కడూ "మావి!" అన్నాక పడింది.

అక్షయ ఆ ముక్కను మళ్ళీ వేసింది. మూడోసారి కూడా వేసింది.

"ఇది జారడం కాదు ఆంటీ" అంది చివరికి. "జారితే ఒక్కోచోట ఒక్కోలా జారుతుంది. ఇది ప్రతిసారీ అక్కడే. మీరు ఆగుతున్నారు. ఆయనకోసం ఆగుతున్నారు."

"మా నాన్న నేర్పిందమ్మా అది" అని దానమ్మ చర్చి సంగతి చెప్పింది.

మరియదాసు కుర్చీ ఇటు తిరిగింది. "నేను ముందే చెప్పలా? ఆ గీతలవీ తీసి కాలవలో..."

"అయిపోలేదన్నయ్యా. కూర్చో. అమ్మా, ఇప్పుడు కొత్తవి పెట్టు. నువ్వు సర్దకముందువి. అన్నీ చూద్దాం."

ఒక్కో పాటా పెట్టారు. దానమ్మ తెరకు దగ్గరగా జరిగి, వేలితో చూపిస్తూ తేల్చింది. పాదం చివర ఆగినచోట, "ఇది మా నాన్న" అంది. ఇంకో పాట, ఇంకో చివర, "ఇది కూడా మా నాన్నే." ఎనిమిదో పాట వేగమైనది. అందులో పాదం నడుమ దెబ్బ ఒకచోట తడబడింది, ఇంకోచోట మరికాస్త తడబడింది, ఒకచోట అసలు పడనే లేదు. "ఇది నా భుజం" అంది దానమ్మ. పదో పాటలోనూ అదే జరిగింది. "ఇదీ భుజమే. ఇందులో నువ్వు చెప్పిందే నిజం అమ్మా. నేనే రెండిటినీ కలిపేసుకుని అంతా ముసలితనం అనుకున్నా."

"నేనూ కలిపేశాను" అంది అక్షయ. "కానీ ఆంటీ, మీరు ఆగినచోట కొత్త పాటల్లో ఏమీ లేదు. ఖాళీ. అందుకే నాకు తప్పులా వినిపించింది."

దానమ్మ గాజు తలుపు అవతల, తాను వాయించిన గదిలోకి చూసింది. మెత్త అతికించిన గోడలు, డ్రమ్ములు, ఒక్క కుర్చీ. "ఇక్కడ వెనక చాప ఏది మరి? ఎవరూ లేకుండా ఎవరికోసం ఆగానో నాకే తెలీదు."

రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "గోడౌను ఖాళీగానే ఉంది. అంటే, బస్తాలున్నాయి. మనుషులు కూడా ఉంటారు."

"లారీలొస్తాయి, హారన్లు కొడతారు అంకుల్."

"కొడతారు" అన్నాడు మరియదాసు. "మేం పుట్టిన దగ్గర్నుంచీ కొడతానే ఉన్నారు."

గోడౌనులోనే, మనుషుల మధ్య, పాటలు మళ్ళీ రికార్డు చేయాలని అలా తేలింది. పదో పాటను దానమ్మ కొన్నాళ్ళు భుజానికి విశ్రాంతి ఇచ్చి, వేగం కాస్త తగ్గించి మళ్ళీ వాయించింది. అది ముందుకంటే బరువుగా వచ్చింది, కొందరికి ఆ వేగం తగ్గడం నచ్చకపోవచ్చు. ఎనిమిదో పాట మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. కంప్యూటరు దెబ్బలు ఉంచుదామని అక్షయ అంది, అందులో తప్పేమీ లేదని వాదించింది కూడా. దానమ్మ ఒప్పుకోలేదు. "నా వల్ల కానిది లేకుండానే పోనీ అమ్మా. ఉన్నట్టు చూపించొద్దు." అందుకని ఆ ఒక్క పాటా ఒట్టి గిటారు, చప్పట్లతో ఉంది. డ్రమ్ములు మోగే మిగతా పాటలన్నిటిలోనూ ఆమె చేతులే ఉన్నాయి, అట్ట మీద ఆమె పేరూ ఉంది.

ఆల్బమ్ పేరు పెట్టిన పాటను చివరికి ఉంచుకున్నారు. ఆ సాయంత్రం వన్ టౌన్ సందులో బండ్లు తగ్గుముఖం పట్టాక గోడౌను తలుపులు బార్లా తెరిచారు. అక్షయ మైకులను బస్తాల మీద నిలబెట్టింది. దించిన సరుకు మీద కూర్చుని హమాలీలు టీలు తాగుతున్నారు. పప్పు ఏరే ఆడవాళ్ళు ఇళ్ళకు పోబోతూ చేటలు పట్టుకునే నిలబడ్డారు. వాళ్ళకు ఈ పాట తెలియదు. ఏమనాలో ఎవరూ చెప్పలేదు, చెప్పవద్దని దానమ్మ ముందే అంది. బసవయ్య తలుపు పక్కన స్టూలు మీద ఎప్పటిలాగే ఉన్నాడు. చెవులు సరిగా వినపడక, ముందుకు వంగి మరియదాసు నోటి వంక చూస్తున్నాడు.

దానమ్మ భుజానికి గట్టిగా పట్టీ కట్టుకుని కూర్చుంది. కర్రలు ఒకదానికొకటి తట్టి వేగం చెప్పింది. పాట విరుచుకుపడింది.

"పీకితే పోతామా?" అని అరిచాడు మరియదాసు.

ఆమె ఆగింది. గోడౌను ఒక క్షణం బిత్తరపోయి చూసింది. పప్పు ఏరే ఆమె ఒకతె చేట పైకెత్తి, "పోం!" అంది. పక్కామె పకపకా నవ్వింది. దెబ్బ పడింది.

రెండోసారికి హమాలీలు అందుకున్నారు. మూడోసారికి సందులో నిలబడ్డ రిక్షావాళ్ళూ అందుకున్నారు. రేకులు అదిరాయి, మరియదాసు నవ్వు ఆపుకోలేక ఒక మాట మింగేశాడు. ఎక్కడో ఒక లారీ హారను కొట్టింది. అక్షయ తెర మూసేసి, రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని వింటోంది.

చివరి పాదం వచ్చింది. "పీకితే పోతామా?"

"పోం!" అన్నారు అందరూ ఒక్క పెట్టున.

దానమ్మ కుడిచెయ్యి పైనే ఉంది. భుజంలో నొప్పి మోచేతి దాకా పాకింది, కర్ర కొస సన్నగా వణుకుతోంది. రామకోటేశ్వరరావు బేస్ తీగ మీద వేలు బిగించి ఆమె వైపు చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. డ్రమ్ముల మీంచి, గిటారు మీంచి, నిలబడ్డవాళ్ళ తలల మీంచి, తలుపు పక్కన స్టూలు వైపు చూస్తోంది. బసవయ్య పెదవులు తడుపుకున్నాడు. ఊపిరి కూడదీసుకుంటున్నాడు. ఆమె కర్ర దించలేదు.

"పోం!" అన్నాడు బసవయ్య.

దెబ్బ పడింది.